గడువు తీరిన సెక్యూరిటీ సర్టిఫికెట్: హెచ్చరికను దాటడం ఎప్పుడు సబబు

ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ తెరిస్తే అసలు పేజీకి బదులు ఎర్రటి గుర్తుతో హెచ్చరిక రావడం, ఈ కనెక్షన్‌కు గోప్యత లేదనీ మీ పాస్‌వర్డులూ కార్డు వివరాలూ ఎవరైనా కాజేయవచ్చనీ అది చెప్పడం ఇంటర్నెట్ వాడేవారికి కొత్త కాదు. ఈ హెచ్చరికకు కారణాలు చాలా ఉన్నాయి. తరచుగా ఎదురయ్యేవాటిలో ఒకటి, ఆ సైట్ సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు తీరిపోవడం. జీతాలిచ్చి సాంకేతిక సిబ్బందిని పెట్టుకున్న సంస్థల్లో ఇది అరుదు. ఒకరిద్దరు తీరిక వేళల్లో, సొంత ఖర్చుతో నడిపే సమాచార సైట్లలో, అంటే నిఘంటువులు, పాత సినిమా పాటల పట్టికలు, నాణేలూ తపాలా బిళ్లల వివరాలు, పిట్టలూ మొక్కల పేర్లు, దేశవాళీ విత్తనాల జాబితాలు వంటి వాటిలో, ఇది మామూలు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ రెవెన్యూ డివిజన్‌లోని రాయికోడ్ లాంటి మండల కేంద్రంలో విద్యార్థికైనా రైతుకైనా ఏదన్నా వెతకాలంటే చేతిలోని ఫోనే గ్రంథాలయం. అందుకని ఆ హెచ్చరిక ముందు ఏం చేయాలన్నది అక్కడ నిత్యం అక్కరకొచ్చే ప్రశ్న. సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఏం కాదు, అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు పో అని ఒకటి. ఎట్టి పరిస్థితిలోనూ వద్దు అని మరొకటి. రెండూ హెచ్చరికను చదవకుండా ఇచ్చే జవాబులే. ఏ లోపం వల్ల అది వచ్చింది, ఆ సైట్‌కు మనం ఏం ఇవ్వబోతున్నాం, దాన్నుంచి ఏం తీసుకోబోతున్నాం అన్న మూడు సంగతులు తేలాక గానీ దాటడమా ఆగడమా అన్నది తేల్చలేమన్నది ఈ వ్యాసం వాదన.

సర్టిఫికెట్ అంటే సైట్ సర్వర్‌లో ఉండే చిన్న ఫైలు. సైట్ పేరు, ఆ సైట్ వాడే పబ్లిక్ కీ, ఆ పేరుకూ ఆ కీకీ సంబంధం ఉందని సంతకం చేసిన సంస్థ పేరు, ఆ సంతకం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుందో చెప్పే తేదీలు అందులో ఉంటాయి. సంతకం చేసే సంస్థలను సర్టిఫైయింగ్ అథారిటీలంటారు. వాటిలో వేటిని నమ్మాలో చెప్పే జాబితా ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో ముందే చేరి ఉంటుంది. 1990ల నడుమ నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజర్ కోసం తయారు చేసిన ఎస్‌ఎస్‌ఎల్ పద్ధతి నుంచి వచ్చినదే ఇప్పటి టీఎల్‌ఎస్. చిరునామా మొదట్లో కనిపించే హెచ్‌టీటీపీఎస్ దాని గుర్తు. సర్టిఫికెట్‌లోని తేదీలు గ్రీనిచ్ కాలంలో ఉంటాయి. అక్కడ అర్ధరాత్రికి ఒక సెకను ముందు ముగిసే సర్టిఫికెట్ మన గడియారంలో తెల్లవారుజామున 5 గంటల 29 నిమిషాల 59 సెకన్లకు ముగుస్తుంది. ఆ మరుక్షణం నుంచి బ్రౌజర్ దాన్ని ఒప్పుకోదు. అంతమాత్రాన ఎన్‌క్రిప్షన్ చెడిపోదు. అదే కీ, అవే లెక్కలు, ముందు రోజు రాత్రి ఉన్నంత గట్టిగానే ఉంటాయి. పోయింది పూచీ. వంటగ్యాస్ సిలిండర్ పైభాగాన పట్టీ లోపలి వైపు ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకదానితో, పక్కన సంవత్సరం అంకెలతో పరీక్ష గడువు రాసి ఉంటుంది. ఆ గడువు దాటిందంటే సిలిండర్ కారుతోందని కాదు, కారదని పూచీ పడేవారు ఇక లేరని. సర్టిఫికెట్ విషయంలోనూ జరిగేది ఇదే.

అలాగైతే గడువు పెట్టడం దేనికి? డొమైన్ పేరు శాశ్వత ఆస్తి కాదు, ఏడాదికో రెండేళ్లకో డబ్బు కట్టి ఉంచుకునేది. కట్టడం మానేస్తే ఇంకొకరు కొనుక్కుంటారు. పాత యజమాని చేతిలో పాత సర్టిఫికెట్, దాని కీ ఇంకా చెల్లుబాటులో ఉంటే కొత్త యజమాని పేరుతో అతను జనాన్ని నమ్మించగలడు. కీ దొంగతనమూ జరగవచ్చు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం వల్ల సర్వర్ల జ్ఞాపకంలోని రహస్య కీలు బయటివాళ్లకు చిక్కే వీలుందని తేలినప్పుడు ప్రపంచమంతటా లక్షల సర్టిఫికెట్లు మార్చాల్సి వచ్చింది. కీ పోయిందని తెలిసిన వెంటనే సర్టిఫికెట్‌ను రద్దు చేసే ఏర్పాటు ఉంది గానీ అది కాగితం మీద పనిచేసినంతగా బయట పనిచేయదు. రద్దయిందా లేదా అని అడిగితే జవాబు రాకపోయినా చాలా బ్రౌజర్లు ఊరుకుని ముందుకు పోయేవి. క్రోమ్ 2012లోనే ఆ ఆన్‌లైన్ తనిఖీని మామూలు సర్టిఫికెట్లకు మానేసింది. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2025లో తన వైపు నుంచి ఆ సేవనే ఆపేసింది. రద్దు సరిగా పనిచేయనప్పుడు ఏ సర్టిఫికెటైనా తనంతట తాను చచ్చిపోవడమొక్కటే దిక్కు. అందుకే గడువులు ఏటికేడు కురచవుతున్నాయి. 2020 సెప్టెంబర్ 1 నుంచి గరిష్ఠ గడువు 398 రోజులయింది. బ్రౌజర్ కంపెనీలూ సర్టిఫైయింగ్ అథారిటీలూ కలిసి 2025 ఏప్రిల్‌లో చేసిన తీర్మానం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబర్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చినప్పటి నుంచీ 90 రోజులకే ఇస్తూ వచ్చింది. భద్రత దృష్ట్యా ఈ నిర్ణయాలు సరైనవే. కానీ గడువు తగ్గినకొద్దీ మరిచిపోయే అవకాశాలు పెరుగుతాయి, ఆ మరుపు ఫలితం పాఠకుడి తెర మీద పడుతుంది.

మరుపు చిన్నవాళ్లదే అనుకోనక్కర్లేదు. 2018 డిసెంబర్ 6న ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరి బ్రిటన్‌లో ఓ2 కంపెనీ వినియోగదారులు, 3 కోట్లకు పైబడినవాళ్లు, మొబైల్ డేటా లేకుండా రోజంతా గడిపారు. 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు నిధుల్లేక మూతపడినప్పుడు 80కి పైగా ప్రభుత్వ సైట్ల సర్టిఫికెట్లు పునరుద్ధరించే నాథుడు లేక ముగిశాయి. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఇదే కారణంతో గంటల తరబడి ఆగింది. వందల కోట్ల సంస్థలకే ఇది తప్పనప్పుడు, పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిపూట సైట్ చూసుకునే ఒంటరి మనిషికి తప్పుతుందా? తెలుగులోని సమాచార సంపదలో పెద్ద భాగం అలాంటి మనుషులు కట్టిందే. అమెరికాలోని తెలుగువారు 1998లో మొదలుపెట్టిన ఈమాట పత్రిక, ఎన్నో నిఘంటువులను ఒకేచోట వెతికే వీలు కల్పించిన ఆంధ్రభారతి, 2003 డిసెంబర్‌లో పుట్టి ఊరూరికీ ఒక పేజీ కూర్చిన తెలుగు వికీపీడియా, అన్నీ స్వచ్ఛందంగా పనిచేసినవారి చలవే. వికీపీడియా వెనక సర్టిఫికెట్లు చూసుకునే ఫౌండేషన్ ఉద్యోగులున్నారు. అలాంటి అండ లేని చిన్న సైట్లు వందలున్నాయి. వాటి యజమాని ఊరు మారినా, ఉద్యోగం మారినా, జబ్బుపడినా, చనిపోయినా మొదట కనిపించే లక్షణం సర్టిఫికెట్ గడువు తీరడమే. సమాచారం ఇంకా సర్వర్‌లో భద్రంగానే ఉంటుంది, తలుపు దగ్గర మాత్రం ఎర్ర గుర్తు. కొన్నాళ్లకు హోస్టింగ్ డబ్బు అయిపోతుంది, ఆ తర్వాత డొమైన్ పోతుంది. కాబట్టి అభిరుచి సైట్లో ఈ హెచ్చరిక చాలాసార్లు దొంగ వచ్చాడన్న సమాచారం కాదు, ఇంటివాళ్లు కనిపించడం లేదన్న సమాచారం.

హెచ్చరికలు వాస్తవంతో ఇంతగా ఎడం కావడం వల్ల జరిగిన నష్టం పరిశోధనల్లో నమోదై ఉంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ 2009లో, సర్టిఫికెట్ హెచ్చరికల్లో దాదాపు నూటికి నూరూ నిజమైన దాడి లేనివేనని వాదించాడు. దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ 2013లో లక్షల సందర్భాలు లెక్కగట్టి చూస్తే క్రోమ్‌లో ఈ హెచ్చరికలను దాటిపోయినవారు 70.2 శాతం, ఫైర్‌ఫాక్స్‌లో 33 శాతం. ఒకే మనుషులు ఒక బ్రౌజర్‌లో ధైర్యవంతులూ మరోదానిలో పిరికివాళ్లూ అవరు. పేజీ ఎలా కట్టారన్నది ఆ తేడాకు ఒక ముఖ్య కారణం. ఆ తర్వాత క్రోమ్ తన హెచ్చరికను మార్చి, వెనక్కి వెళ్లే బటన్‌ను పెద్దది చేసి, ముందుకెళ్లే లింకును లోపల దాచింది. ఆగేవాళ్లు బాగా పెరిగారు. అయితే ప్రమాదం ఏమిటో అర్థం చేసుకున్నవాళ్లు పెరగలేదని ఆ మార్పు చేసినవాళ్లే 2015లో రాశారు. మన దేశంలో ఈ అలవాటుకు మరో మూలం కూడా ఉంది. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ పీడీఎఫ్‌ను అడోబీ రీడర్‌లో తెరిస్తే డిజిటల్ సంతకం మీద పసుపు రంగు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. దాన్ని పచ్చ టిక్కుగా మార్చడానికి సంతకం మీద రైట్ క్లిక్ చేసి, సర్టిఫికెట్ చూపించమని అడిగి, నమ్మదగినవాటిలో చేర్చుకోవాలని అధికారిక సూచనలే చెబుతాయి. సర్టిఫికెట్‌లో పేరు సరిచూసుకున్నాకే అలా చేయాలని కూడా అవి చెబుతాయి. నెట్ సెంటర్ల దగ్గర వరుసలో నిలబడే జనానికి మిగిలేది మాత్రం రెండో సగం లేని పాఠం: ప్రశ్నార్థకం వస్తే ఏదో నొక్కితే పోతుంది. ఈ అలవాటును జనం అజ్ఞానం అనడం అన్యాయం. అర్థం కాని భాషలో, అన్ని లోపాలకూ ఒకే గొంతుతో అరిచే హెచ్చరికకు మనుషులు ఇచ్చే సహజమైన జవాబు అది.

అలాగని ప్రమాదం కల్పన కాదు. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ అనే సర్టిఫైయింగ్ అథారిటీలోకి చొరబడినవారు గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. ఇరాన్‌లో లక్షల మంది జీమెయిల్ రాకపోకల మీద దాన్ని ప్రయోగించారు. ఆ కంపెనీ దివాలా తీసింది. మన దేశంలో 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ సర్టిఫైయింగ్ అథారిటీ నుంచి గూగుల్ డొమైన్లకు అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు గూగుల్ కనిపెట్టింది. ఐటీ చట్టం 2000 కింద ఏర్పడిన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ ఆ సంస్థ సర్టిఫికెట్లను రద్దు చేసింది. భారత అథారిటీల సంతకాలను క్రోమ్ కొన్ని ప్రభుత్వ, విద్యా, బ్యాంకు డొమైన్లకే పరిమితం చేసింది. ఈ రెండు ఉదంతాల్లోనూ గమనించాల్సింది ఒకటుంది. ఆ దొంగ సర్టిఫికెట్ల తేదీలు చక్కగా ఉన్నాయి. వాటిని జారీ చేసిన సంస్థను నమ్మే కంప్యూటర్లలో, చాలా బ్రౌజర్లలో, ఏ ఎర్ర గుర్తూ వచ్చేది కాదు. చేతనైన దొంగ గడువు తీరిన సర్టిఫికెట్ వాడడు. తన సొంత నకిలీ డొమైన్‌కు ఉచితంగా, నిమిషాల్లో, తాజా సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. చేతకానివాడు దారిలో కాచి అసలు సైట్ పేరుతో నటించబోతే అతని సర్టిఫికెట్‌లో తప్పేది పేరో, సంతకం చేసిన సంస్థో. పేరు సరైనదై, సంతకం నమ్మకమైనదై, తేదీ మాత్రమే దాటిన సర్టిఫికెట్ చూపాలంటే అసలు యజమాని పాత కీ దొంగిలించి ఉండాలి. అది అసాధ్యం కాదు గానీ ఒక అభిరుచి సైట్ కోసం ఎవరూ పడని శ్రమ. క్రోమ్ లాంటి బ్రౌజర్ ఒకే సర్టిఫికెట్‌లో చాలా లోపాలు కనిపిస్తే వాటిలో తీవ్రమైనదాన్నే చూపిస్తుంది. పేరు తప్పినా, సంతకం నమ్మలేనిదైనా ముందు ఆ మాటే చెబుతుంది. హెచ్చరిక అడుగున చిన్న అక్షరాల్లో ఉండే లోపం పేరులో ‘సర్ట్ డేట్ ఇన్వాలిడ్’ అని ఉంటే తేదీకి మించిన చిక్కు కనబడలేదని అర్థం. ‘కామన్ నేమ్ ఇన్వాలిడ్’ అనో ‘అథారిటీ ఇన్వాలిడ్’ అనో ఉంటే అది వేరే కథ, అక్కడ ఈ వ్యాసంలో చెప్పిన వెసులుబాటు వర్తించదు. ఆ ఒక్క వరుస చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

తేదీ లోపమని తేలాక మొదట అనుమానించాల్సింది సైట్‌ను కాదు, మన గడియారాన్ని. గడువు తీరిందా లేదా అని బ్రౌజర్ పోల్చుకునేది చేతిలోని పరికరం చెప్పే తేదీతోనే. నెట్ సెంటర్లలోని పాత కంప్యూటర్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి సెల్ ఒకటుంటుంది, సీమాస్ బ్యాటరీ అంటారు. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ ఏ పదేళ్ల వెనక్కో పోతుంది. అప్పుడు ఏ సర్టిఫికెట్ చూసినా ఇంకా మొదలే కాలేదు కాబట్టి గూగుల్ నుంచి బ్యాంకు దాకా ప్రతి సైటూ తేదీ లోపమే చూపిస్తుంది. సిమ్ లేకుండా చాలా రోజులు మూలపడిన ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టినా ఇంతే. గూగుల్ ఇంజనీర్లు 2017లో క్రోమ్ హెచ్చరికల మూలాలను పరిశీలించినప్పుడు వాడేవారి గడియారం తప్పడం ప్రధాన కారణాల్లో ఒకటిగా తేలింది. గడియారం బాగా తప్పిందని అనుమానం వస్తే క్రోమ్ ఇప్పుడు ఆ సంగతే వేరే పేజీలో చెబుతుంది. ఒక్క సైటే మొరాయిస్తుంటే లోపం బహుశా అటువైపు. అన్నీ మొరాయిస్తుంటే ఇటువైపు. తేదీ, సమయం సెట్టింగ్‌ను ఆటోమేటిక్‌లో పెట్టి మళ్లీ తెరవడం కన్నా సులువైన, పూర్తిగా నిరపాయమైన మార్గం లేదు. అయినా ముందుగా ఎవరూ చేయనిది ఇదే.

గడియారం సరిగ్గా ఉన్నా పరికరం పాతదైతే మరో చిక్కు. నమ్మదగిన సంస్థల జాబితాకూ వయసవుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మొదట్లో ఆధారపడిన డీఎస్‌టీ రూట్ సర్టిఫికెట్ 2021 సెప్టెంబర్ 30న ముగిసినప్పుడు పాత ఐఫోన్లు, మ్యాక్‌లు, ఎన్నో సర్వర్లు బాగున్న సైట్లను కూడా గడువు తీరినవిగా చూపించాయి. ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్లకు ఆ సంస్థ ప్రత్యేక ఏర్పాటుతో మరో మూడేళ్లు వెసులుబాటిచ్చింది. 2020 నవంబర్‌లో అలాంటి పాత ఆండ్రాయిడ్ ఫోన్లు 33.8 శాతమని లెక్క చెప్పింది. 2023 నాటికి కొత్త రూట్‌ను నమ్మే ఫోన్లు 93.9 శాతానికి పెరిగాయి. మిగిలిన ఫోన్లు ఎవరి చేతుల్లో ఉంటాయో ఊహించడం కష్టం కాదు. పట్నంలో అన్న వాడి వదిలేసింది ఊళ్లో తమ్ముడి చదువుకు వస్తుంది, అది కూడా పాతబడితే ముసలివాళ్లకు చేరుతుంది. అలాంటి ఫోన్లకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ స్వయంగా సూచించిన ఉపాయం ఫైర్‌ఫాక్స్. ఆ బ్రౌజర్ నమ్మకాల జాబితాను ఫోన్ నుంచి తీసుకోకుండా తనతో తెచ్చుకుంటుంది. హెచ్చరికను దాటడం కాదు, దాని కారణాన్నే తీసేయడం కనుక ఆ బ్రౌజర్ పనిచేసే ఫోన్లలో ఇది అన్ని విధాలా మేలైన దారి.

ఈ రెండూ కావని తేలితే, సైట్ సర్టిఫికెట్టే నిజంగా ముగిసిందన్నమాట. హెచ్చరిక పేజీలో లోపం పేరు మీదో, చిరునామా పక్కన గుర్తు మీదో నొక్కితే దాని చివరి తేదీ కనిపిస్తుంది. నిన్నో మొన్నో ముగిసిందైతే రెండు రోజులు ఆగి మళ్లీ చూడటం ఉత్తమం. నెలలు దాటితే యజమాని సైట్‌ను వదిలేసి ఉండొచ్చు, అలాంటి సైట్‌లో పాత సాఫ్ట్‌వేర్ లోపాల గుండా ఎవరైనా చొరబడి ఉండే అవకాశమూ పెరుగుతుంది. ఎలాగైనా, నేరుగా వెళ్లే ముందు ఆర్కైవ్ ప్రతిని చూడాలి. బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ తన వేబ్యాక్ మెషీన్‌ను 2001లో అందరికీ తెరిచింది. సైట్ చిరునామా అక్కడ వేస్తే పాత తేదీల ప్రతులు వస్తాయి, అవి ఆర్కైవ్ సొంత సర్టిఫికెట్ రక్షణలో వస్తాయి కాబట్టి ఏ హెచ్చరికా ఉండదు. మారని సమాచారానికి, అంటే పదాల అర్థాలకూ పాటల వివరాలకూ పాత పుస్తకాల పట్టికలకూ, ఆరు నెలల కిందటి ప్రతి ఇవాళ్టి ప్రతికి ఏమాత్రం తీసిపోదు. ఇదివరకు గూగుల్ ఫలితాల పక్కన నిల్వ ప్రతి లింకు కూడా ఉండేది, 2024 ఆరంభంలో దాన్ని తీసేశారు. ఆర్కైవ్‌లో ఏముంటుందిలే అనుకోవద్దు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త దబ్బాల రాజగోపాల్ రెడ్డి, లోకానికి తెలిసిన రాజ్ రెడ్డి, తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా రూపుదిద్దుకున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సొంత సైట్లు మూతపడ్డాక కూడా అందులోని లక్షల పుస్తకాలు, వేలకొద్దీ తెలుగు పుస్తకాలతో సహా, ఇప్పటికీ దొరుకుతున్నది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనే.

ఆర్కైవ్‌లో కూడా లేకపోతే, కేవలం చదవడానికే అయితే, హెచ్చరికను దాటడం సబబే. కానీ దాటడానికి హద్దులున్నాయి. ప్రైవేట్ విండోలో తెరవాలి. పేరు, ఫోన్ నంబరు, పాస్‌వర్డు ఏదీ ఇవ్వకూడదు. ఏ ఫైలూ, ముఖ్యంగా ఏ యాప్ ఏపీకే ఫైలూ దించుకోకూడదు. నోటిఫికేషన్లు పంపుతామంటే ఒప్పుకోకూడదు. క్రోమ్ ఒకసారి దాటిన నిర్ణయాన్ని వారం రోజులు గుర్తుంచుకుంటుంది, ప్రైవేట్ విండో మూస్తే దాన్ని వెంటనే మరిచిపోతుంది. కొన్ని సైట్లలో దాటే లింకే ఉండదు. సైట్ యజమాని ముందే హెచ్‌ఎస్‌టీఎస్ అనే నియమం పెట్టి, ఏ లోపం ఉన్నా ఎవరినీ రానివ్వొద్దని బ్రౌజర్‌కు చెప్పి ఉంటాడు. 2012లో ప్రమాణంగా వెలువడిన ఈ నియమాన్ని కూడా తప్పించే రహస్య పదాలు ప్రచారంలో ఉన్నాయి గానీ అవి సొంత సైట్లను పరీక్షించుకునేవారి కోసం. యజమానే తలుపు వేసుకున్నప్పుడు పాఠకుడు ఆ మాటకు విలువివ్వాలి. ఇక ఏ సైట్ అడిగినా, ఎవరు చెప్పినా చేయకూడని పని ఒకటుంది: కొత్త రూట్ సర్టిఫికెట్‌ను ఫోన్‌లో చేర్చుకోవడం. హెచ్చరికను దాటితే ఒక సైట్‌కు, కొద్దిసేపు తలుపు తెరిచినట్టు. రూట్ చేర్చుకుంటే ఆ రూట్ కీ ఉన్నవారు బ్యాంకుతో సహా ఏ సైట్ పేరుతోనైనా నటించవచ్చు, హెచ్చరిక రాదు. 2019లో కజకిస్థాన్ ప్రభుత్వం పౌరులందరినీ అలాంటి సర్టిఫికెట్ వేసుకోమన్నప్పుడు గూగుల్, మొజిల్లా, యాపిల్ కంపెనీలు తమ బ్రౌజర్లలో దాన్ని నిషేధించింది అందుకే.

ఈ వాదనకు రెండు వైపుల నుంచీ అభ్యంతరాలున్నాయి. ఒక అభ్యంతరం, చదవడానికే కదా, ఇన్ని హద్దులెందుకు, పోయేదేముంది అని. పోయేది ఉంది. ఎన్‌క్రిప్షన్ చెడకపోయినా పూచీ లేదు కనుక అవతల ఉన్నది అసలు సైటేనని రూఢి చేసుకోలేం, అలాంటి పేజీలో దారిలో ఉన్నవారు ఏదైనా చేర్చవచ్చు. 2015 జూన్‌లో బెంగళూరులో ఒక ప్రోగ్రామర్, తన 3జీ కనెక్షన్ ఇచ్చే టెలికాం సంస్థ తాను చూసే పేజీల్లోకి సొంత స్క్రిప్టు చొప్పిస్తోందని కనిపెట్టి ఆధారాలతో బయటపెట్టాడు. దొంగలు కాదు, బిల్లు తీసుకునే సంస్థే ఆ పని చేయగలిగినప్పుడు బస్టాండులోని ఉచిత వైఫై నడిపేవారి గురించి చెప్పేదేముంది? పైగా సమాచార సైట్‌లో చదివేది ఎప్పుడూ నిరపాయకరం కాదు. పురుగుమందు మోతాదు, మందు మొక్క వాడకం, పుట్టగొడుగు గుర్తులు వంటివి మారిపోయినా పాతబడినా ఒళ్లుమీదికి వస్తుంది. అలాంటి సంగతిని ఒక్క సైట్‌లో చూసి, అదీ పూచీ లేని కనెక్షన్‌లో చూసి, అమలు చేయడం తగదు.

రెండో అభ్యంతరం భద్రతా నిపుణులది: హద్దులు పెట్టి దాటమంటే జనం హద్దులు మరిచి దాటడమే గుర్తుంచుకుంటారు, కాబట్టి వద్దంటే వద్దనడమే క్షేమం. ఇది బలమైన అభ్యంతరమే. కానీ వద్దన్న చోట జనం ఆగరు, మరో చోటికి పోతారు. జహీరాబాద్ పరిసరాలు చిరుధాన్యాలకూ దేశవాళీ విత్తనాలకూ పేరు. పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఆ పంటలను నిలబెడుతూ వచ్చింది, ఝరాసంగం మండలం మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది. కొర్ర, సామ, పచ్చజొన్న రకాల గురించి రాయికోడ్ కుర్రాడు ఇంటర్నెట్‌లో వెతికితే, శ్రద్ధగా కూర్చిన చిన్న సైట్‌కు ఎర్ర గుర్తూ, పక్కనే అమ్మకాల కోసం అబద్ధాలు గుదిగుచ్చిన సైట్‌కు తాళం గుర్తూ ఉండవచ్చు. తాళం గుర్తు దారి భద్రమని చెబుతుంది తప్ప ఆ దారి చివర ఉన్నవాడు నిజాయితీపరుడని చెప్పదు. దారి గురించిన హెచ్చరికను మనిషి గురించిన తీర్పుగా చదివితే మంచి సమాచారం అంటరానిదవుతుంది, చెత్తకు పట్టం దక్కుతుంది. నిషేధం ఒక్కటే నేర్పితే, బ్యాంకు సైట్లో పేరు తప్పిన సర్టిఫికెట్‌కూ నిఘంటువులో వారం దాటిన సర్టిఫికెట్‌కూ తేడా తెలియని జనమే మిగులుతారు. 2013 నాటి 70 శాతం లెక్క చెప్పింది ఆ తేడా తెలియకపోవడం గురించే.

ఎక్కడ పూర్తిగా ఆగాలో చెప్పడం అందుకే ముఖ్యం. డబ్బు, భూమి, గుర్తింపు కార్డులు, వైద్యం: ఈ నాలుగింటికి సంబంధించిన సైట్లలో ఏ లోపమైనా, తేదీ లోపమైనా, దాటకూడదు. భూ రికార్డుల సైట్ భూభారతిలో పహాణీ చూసుకునే రైతుకు ఒక రోజు ఆలస్యం వల్ల కలిగే ఇబ్బంది, లాగిన్ వివరాలు పోతే కలిగే నష్టంతో పోల్చితే చిన్నది. బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంకు 2025లో మరో కంచె కట్టింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాలకు మారాలని ఆదేశించి, ఆ పేర్లిచ్చే బాధ్యతను హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. రిజర్వ్ బ్యాంకు 1996లో నెలకొల్పిన ఈ సంస్థ బ్యాంకింగ్ రంగానికి సర్టిఫైయింగ్ అథారిటీ కూడా. ఎర్ర గుర్తు లేకపోయినా చిరునామా చివర ఆ మాటలు లేని పేజీలో బ్యాంకు పాస్‌వర్డు కొట్టకూడదు. ఆ మాటలున్నా ఎర్ర గుర్తు వస్తే బ్రాంచికి ఫోన్ చేయడమే పని.

పాఠకుడు ఎంత జాగ్రత్తపడినా అసలు మందు యజమాని దగ్గరే ఉంది. సర్టిఫికెట్‌ను చేత్తో పునరుద్ధరించే కాలం పోయింది. సర్ట్‌బాట్ వంటి ప్రోగ్రాములు, హోస్టింగ్ కంపెనీల ఆటో ఎస్‌ఎస్‌ఎల్ ఏర్పాట్లు గడువుకు ముందే కొత్తది తెచ్చి పెడతాయి, ఖర్చేమీ ఉండదు. గడువు దగ్గరపడితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఈమెయిల్ పంపే ఆనవాయితీ 2025 జూన్‌లో ఆగిపోయింది కనుక దాని మీద ఆధారపడినవారు మరో ఏర్పాటు చూసుకోవాలి. డొమైన్ ఖాతా, హోస్టింగ్ ఖాతా వివరాలు నమ్మకమైన రెండో మనిషి దగ్గర కూడా ఉండటం ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ సైట్లను కాపాడుతుంది. పాఠకుడు చేయగల సాయమూ ఒకటుంది. సైట్‌లోనో సోషల్ మీడియాలోనో యజమాని చిరునామా దొరికితే, లోపం పేరు, సర్టిఫికెట్ ముగిసిన తేదీ, చూసిన ఫోన్ రకం రాసి పంపడం. సైట్ పనిచేయడం లేదు అని మాత్రమే రాస్తే పెద్దగా ఉపయోగపడదు. తరచూ జరిగేదేమిటంటే, ఆటోమేటిక్ ప్రోగ్రాము కొత్త సర్టిఫికెట్ తెచ్చి ఫోల్డర్‌లో పెట్టే ఉంటుంది, వెబ్ సర్వర్‌ను మళ్లీ లోడ్ చేయకపోవడం వల్ల అది పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. ఫోల్డర్‌లో చూసుకున్న యజమానికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, బయటివాళ్లకు ఎర్ర గుర్తు. జారీ అయిన దాదాపు ప్రతి సర్టిఫికెట్ బహిరంగ లాగ్‌లలో నమోదవుతుంది కాబట్టి, సైట్ పేరుతో అక్కడ వెతికి కొత్తది ఇప్పటికే జారీ అయి ఉందని పాఠకుడే తెలుసుకోవచ్చు. ఆ ఒక్క వాక్యం ఉత్తరంలో చేరిస్తే యజమాని చేయాల్సిందల్లా సర్వర్‌కు ఒక్క రీలోడ్ కమాండ్ ఇవ్వడం.